పీట బాబాయి కొంగని నిలబెట్టిన రోజు

పీట బాబాయి తలుపు తట్టాడంటే లోపలివాళ్ళు లేచి తలుపు తియ్యరు. కూర్చున్నచోటినుంచే "ఏం చెప్పింది?" అని అడుగుతారు. ఎందుకంటే ఆయన పిలవడానికి తట్టడు, వినడానికి తడతాడు. తలుపు చెక్కలో చెద ఎందాకా వచ్చింది, గ్యాసు బండ ఇంకెన్నాళ్ళొస్తుంది, పుచ్చకాయ ఎర్రగా ఉందా పాలిపోయి ఉందా అన్నవన్నీ వేలి కణుపులతో రెండు దెబ్బలు వేసి చెప్పేస్తాడు. ఒకసారి మా క్యాంటీన్ గోడ తట్టి, "అమ్మాయ్, ఇక్కడ లోపల గుల్లగా ఉంది" అన్నాడు. నేను నవ్వాను. నెల తిరక్కుండా ఆ గోడలోంచి ఒక ఎలుకల కుటుంబం ముసలీ ముతకా పిల్లా జెల్లాతో సహా దిగింది. కూతురి పెళ్ళిచూపులకొచ్చిన పెళ్ళికొడుకు నెత్తి కూడా తట్టి చూశాడని, అందుకే ఆ సంబంధం తప్పిపోయిందని అంటారు. అది నా కళ్ళతో చూళ్ళేదు. కానీ నమ్ముతాను.

ఆయన పని పడవల్ని కూర్చోబెట్టడం. అదేం పని, పడవలు నీళ్ళలో కదా ఉండేది అంటారేమో. ఎంత నీళ్ళలో ఉండే పడవకైనా ఏడాదికోసారి అడుగు చూసుకోవాలి. లేకపోతే నాచూ గుల్లలూ పట్టి గడ్డం పెంచిన సన్యాసిలా తయారవుతుంది. పెద్ద రేవుల్లో అయితే క్రేనుతో ఎత్తి ఒడ్డున పెడతారు. మా రేవులో క్రేను లేదు, గోడ ఉంది. పోటు మీద నీళ్ళు ఎక్కినప్పుడు పడవని తెచ్చి ఆ గోడకి కట్టేస్తాం. ఆటు మీద నీళ్ళు దిగిపోయాక పడవ నేలమీద నిలబడుతుంది. మళ్ళీ నీళ్ళొచ్చేలోపల గీకుడూ రంగూ మరమ్మతూ అన్నీ అయిపోవాలి. ఆ ఐదారు గంటలూ పడవ గోడకి ఆనుకుని బుద్ధిగా నిలబడాలి. అలా నిలబెట్టేవాడు మా బాబాయి. నలభై ఏళ్ళలో ఆయన నిలబెట్టిన పడవల్ని వరసగా పేరిస్తే చంద్రుడిదాకా వెళ్ళి, అక్కడ టీ తాగి, తిరుగుదారి కూడా సగం కప్పుతాయి.

అయితే అన్నీ ఒక్క జాతివే.

పడవలకి అడుగున వెన్నెముకలాంటిది ఒకటుంటుంది, కీల్ అంటారు. గాలికి పల్టీ కొట్టకుండా, పక్కకి జారిపోకుండా పడవని పట్టుకునేది అదే. కొన్ని తెరచాప పడవలకి అది ముక్కునుంచి తోకదాకా పొడుగునా ఉంటుంది. చదువుకున్నవాళ్ళు ఫుల్ కీల్ అంటారు. మేం పీట అంటాం. నీళ్ళు పోతే పీటేసుకుని కూర్చున్న పెద్దావిడలా నింపాదిగా కూర్చుంటుంది, చాడీలు చెప్పుకోవడమే తరువాయి. ఇంకోరకం పడవకి నడిమధ్యలో ఒకే ఒక్క రెక్క దిగి ఉంటుంది, చేపకి కింద ఉండే రెక్కలాగా. దాన్ని ఫిన్ కీల్ అంటారట. మాకది కొంగ. నీళ్ళు పోతే ఒంటికాలి మీద నిలబడాలి పాపం.

కొంగ మా గోడ దరిదాపుల్లోకి వస్తే చాలు, బాబాయికి ఎక్కడలేని అడ్డంకులూ గుర్తొచ్చేవి. "ఇవాళ గాలి బాగాలేదు." "ఈ పోటు చాలదు." "గోడకి బీట పడింది, ఇంకో రేవు చూసుకోండి." గాలి ఉన్నా లేకపోయినా, గోడ రాయిలా ఉన్నా, ఇదే పాట. ఆయనకి కొంగలంటే పడదని రేవంతా చెప్పుకునేది. నేనైతే ఇంకొంచెం కలిపి, పూర్వజన్మలో ఈయన చేపయి ఉంటాడని చెప్పేదాన్ని.

అలాంటి మనిషి కడుపున పుట్టి, ఆయన కూతురు కొంగని కొంది.

కొంది అంటే కొత్తది కాదు. రేవు చివర షెడ్డులో ఆరేళ్ళుగా పరదా కింద పడి ఉన్న పడవ. లోపల పిల్లులు ఈనేవి. ఈ పిల్ల పగలు మందుల షాపులో పనిచేసి, సాయంత్రాలూ ఆదివారాలూ ఆ పడవలో దూరి, రెండేళ్ళపాటు గీకింది, అతికింది, రంగేసింది. తెరచాపలు వాళ్ళమ్మే కుట్టింది. మా పిన్ని తెరచాపలు కుట్టడంలో ఎంత దిట్టంటే, ఆవిడ కుట్టిన అతుకు గాలికి కూడా కనపడదు. రేవులో అందరూ ఆ పిల్లకి కొంగమ్మ అని పేరు పెట్టేశారు. అసలు పేరు ఏమిటో ఇప్పుడు దాని షాపు యజమానికి కూడా గుర్తులేదు.

ఆ రెండేళ్ళూ వాళ్ళింట్లో అన్నం దగ్గర ఒకటే రామాయణం. మా వంటింటి కిటికీ వాళ్ళ వంటింటి కిటికీకి ఎదురుగా ఉండబట్టి, నా ప్రమేయం ఏమీ లేకుండానే అన్నీ వినపడేవి.

"పీటకి చుక్కాని వదిలేసి అన్నం తినొచ్చు. చెప్పిన దారి తప్పదు" అనేవాడు బాబాయి. "నీ కొంగ మీద తుమ్మి చూడు. తుమ్ము అయ్యేలోపల వచ్చినదారే పట్టేస్తుంది."

"నీ పీటని వెనక్కి రమ్మను చూద్దాం. అలిగిన అల్లుడిలాగా, రమ్మన్నవైపు తప్ప అన్నివైపులా పోతుంది. కొంగైతే పళ్ళెంలో పెట్టి తిప్పినట్టు ఉన్నచోటే తిరుగుతుంది."

"తిరుగుళ్ళు మరిగినది ఏదీ బాగుపడలేదు."

"గాలికి ఎదురెళ్ళాలంటే మీ పెద్దావిడ పది మలుపులు తిరగాలి నాన్నా. నాది ఆరింట్లో వెళ్తుంది."

"వెళ్ళి? దారిలో వల తగిలితే? పీట చుక్కాని కీల్ వెనకాల, పెద్దకోడలు అత్తగారి చాటున ఉన్నట్టు భద్రంగా ఉంటుంది. నీదానికి వెనకాల విడిగా వేలాడుతోంది, నా అనేవాళ్ళు లేనట్టు."

అప్పుడు పిన్ని గరిట చప్పుడయ్యేది. "తండ్రీకూతుళ్ళు ఇద్దరూ పడవలకే పుట్టారు. నేనేదో మధ్యలో వండిపెట్టడానికొచ్చాను. తింటారా, తీసెయ్యనా?"

ఇక్కడొక రహస్యం చెప్పాలి. పిన్ని నాకొక్కదానికే చెప్పింది, నేనూ ఒక్కొక్కరికే చెప్పాను. పడవల గురించి ఇంత మాట్లాడే బాబాయి తెరచాప పడవెక్కి సముద్రం మీదకి వెళ్ళింది జీవితంలో ఒక్కసారే. పెళ్ళైన కొత్తలో. రేవు మొగ, అదే సముద్రంలోకి తెరుచుకునే చోటు, దాటకముందే కడుపులో ఉన్నదంతా కక్కి, లేనిది కూడా కక్కి, ఒడ్డుకొచ్చి నేలని కావిలించుకున్నాడట. అప్పటినుంచి పడవ నేలమీద ఉంటేనే ఆయనకి గౌరవం.

ఇంతకీ కొంగమ్మ ఆ పడవ తయారుచేసింది షికారుకి కాదు. వేసవి సెలవుల్లో తెరచాప నడపడం నేర్పుతానని బోర్డు పెట్టింది. పదకొండు మంది చేరారు. స్కూలు పిల్లలు ఆరుగురు, పోస్టాఫీసావిడ, ఇద్దరు నర్సులు, ఒక రిటైరైన లెక్కల టీచరు, ఆయన్ని ఇంట్లో భరించలేక చేర్పించిన ఆయన భార్య. అయితే నేర్చుకునేవాళ్ళని ఎక్కించాలంటే అనుమతి కావాలి. అనుమతికి సర్వే సారు వచ్చి పడవ అడుగు చూసి సంతకం పెట్టాలి. ఆయన మా రేవుకి వేసవిలో ఒక్కసారే వస్తాడు. ఆయనొచ్చే రోజు నీళ్ళు బాగా దిగేరోజు అయి ఉండాలి. ఈ ఏడు రెండూ కలిసింది ఒక్క బుధవారం. అది తప్పితే సెలవులైపోతాయి, పదకొండు మందీ ఎవరిదారి వాళ్ళు చూసుకుంటారు. రెండేళ్ళ గీకుడు మళ్ళీ పరదా కిందకి.

మంగళవారం సాయంత్రం పిన్ని మొగుణ్ణి నిలదీసింది.

"గోడ మీది. పిల్ల మనది. అది ఇంకెవర్ని పిలుస్తుందండీ?"

"గోడకి బీట—"

"గోడకి బీటా లేదు, గాలికి జబ్బూ లేదు. పొద్దున్నే వెళ్ళండి."

వెళ్ళాడు. బుధవారం తెల్లారేసరికి తాళ్ళు భుజాన వేసుకుని గోడ దగ్గర నిలబడ్డాడు. మొహం మాత్రం పన్ను పీకించుకోవడానికి వచ్చినవాడిలా ఉంది. పోటు నిండుగా ఉండగా పడవని తెచ్చి కట్టారు. కొంగమ్మ బస్టాండుకి వెళ్ళి సర్వే సారుని తీసుకురావాలి. వెళ్తూ వెళ్తూ ఆగింది.

"నాన్నా, ముక్కు మీద—"

"నడిచేవాడికి నడక నేర్పకు. బస్సు వేళైంది, వెళ్ళు."

వెళ్ళింది. బాబాయి నలభై ఏళ్ళుగా చేస్తున్నట్టే చేశాడు. ముందూ వెనకా తాళ్ళు, గోడకీ పడవకీ మధ్య పాత టైర్లు, తెరచాప స్తంభం మీదనుంచి గోడ పైకొక తాడు. తర్వాత లంగరు గొలుసంతా తీసి, పడవ ముక్కు మీద గోడవైపున కుప్పపోశాడు. ఆ గొలుసు ఇద్దరు మనుషుల బరువు. అలా పోస్తే పడవ గోడవైపుకి కొంచెం ఒరిగి ఆనుకుంటుంది, బయటికి పడదు. పీటకి అది రాజమార్గం. పీట పొడుగునా నేలమీద కూర్చుంటుంది కదా, ముక్కు మీద గొలుసు పెడితేనేం, గుర్రం పెడితేనేం.

కొంగకి ఉన్నది ఒంటికాలు.

నేను టీ గ్లాసులు కడుగుతున్నాను. నీళ్ళు నడుం లోతుకి దిగాయి. రంగులాయన, అంటే మా రేవులో పడవలకి రంగులేసే బక్కపలచని మనిషి, గోడ మీద కూర్చుని అన్నాడు.

"బాబాయ్, తోక లేస్తోంది."

"అలలకి."

"అలలు ఆగి పావుగంటైంది బాబాయ్."

బాబాయి చూశాడు. తోక జానెడు లేచింది. ముక్కు జానెడు దిగింది. కొంగ నీళ్ళలో చేపని చూసి వంగినట్టే ఉంది. "గొలుసు! గొలుసు తియ్యి!" అని కేకేశాడు. రంగులాయన గోడకున్న ఇనప నిచ్చెన దిగి, పడవ మధ్యలోకి గెంతి, ముక్కు వైపు రెండడుగులు వేశాడు. పడవ ఇంకో బెత్తెడు వంగింది. మూడో అడుగు గాల్లో ఉండగానే మనిషి శిలైపోయాడు. కొంగ మీద ఇంకో కొంగ.

"రావద్దు! వెనక్కి పో! తోక మీదకి పో!"

చిక్కంతా అక్కడే ఉంది. గొలుసు తియ్యాలంటే ముక్కు మీదకి వెళ్ళాలి. ముక్కు మీదకి ఎవడు వెళ్ళినా ముక్కు ఇంకా దిగుతుంది. నీళ్ళేమో మా అత్తగారి ఓర్పులాగా నిమిషనిమిషానికీ తగ్గిపోతున్నాయి. పూర్తిగా పోతే ఆ బరువుకి ముక్కు నేలకి కొట్టుకుని పగలడమో, కాలు విరగడమో.

బాబాయి చుట్టూ చూశాడు. ఆయన చూపు జనం మీదనుంచి జారుతూ జారుతూ వచ్చి నా మీద ఆగింది.

"అమ్మాయ్, నువ్వు రా."

"నేనా?"

"నువ్వే తల్లీ. తొందరగా. తోక మీద నిలబడాలి."

నా బరువు గురించి మా ఆయన జోకులు విన్నాను, బట్టల షాపువాడి నిట్టూర్పులు విన్నాను. అది పనికొస్తుందని చేతులు జోడించి పిలిచిన మొదటి మనిషి పీట బాబాయే. కొంగు బిగించి నిచ్చెన దిగాను. నేను కాలు పెట్టగానే తోక ఠపీమని బెత్తెడు దిగింది. రంగులాయన చప్పట్లు కొట్టాడు, వాణ్ణి తర్వాత చూసుకుందామని ఊరుకున్నాను. నా వెనకాల పిన్ని దిగింది, ఇంజన్ల మేస్త్రి దిగాడు, చేపలమ్మే ఇద్దరు వదినలు గంపలతో సహా దిగారు. ఆరుగురం తోక మీద ఒకళ్ళనొకళ్ళు పట్టుకుని ఊపిరి కూడా వంతులేసుకుని పీల్చాం. పడవ ఆగింది. పూర్తిగా సరి కాలేదు, ముక్కు ఇంకా వంగే ఉంది. కానీ ఆగింది.

సరిగ్గా అప్పుడు గోడ మీదకి కొంగమ్మా సర్వే సారూ వచ్చారు.

సర్వే సారు పొట్టిగా, చేతిలో చిన్న సుత్తీ చంకలో ఫైలూ పెట్టుకుని ఉన్నాడు. మమ్మల్ని చూసి కళ్ళజోడు సర్దుకున్నాడు. "ఇదేంటమ్మా, గ్రూప్ ఫోటోనా?" అన్నాడు. ఆ తర్వాత ముక్కు వైపు చూశాడు. నవ్వు పోయింది.

"ముక్కు దిగిపోయిందే. ఇంతమంది వెనక నిలబడినా దిగే ఉంది. అంటే బరువుల అమరికే తప్పు. ఊరికే నిలబెడితే ముక్కుమీద పడే పడవలో చిన్నపిల్లల్ని ఎక్కిస్తావా?" ఫైలు తెరిచి, పెన్ను తీశాడు.

కొంగమ్మ కళ్ళు తిన్నగా గొలుసు మీదకి వెళ్ళాయి. అక్కణ్ణించి వాళ్ళ నాన్న మీదకి. ఒక్క మాట చాలు. "అది మా నాన్న పెట్టింది సార్" అంటే అయిపోతుంది. రెండేళ్ళుగా కంచం ముందు ఆయన్ని మాటకి మాట కొట్టిన నోరు. నేను తోక మీద నుంచి చూస్తూనే ఉన్నాను. ఆ పిల్ల నోరు తెరిచింది, మళ్ళీ మూసుకుంది. చుట్టూ ఇంతమంది ముందు, నలభై ఏళ్ళ పనివాణ్ణి, అనలేకపోయింది.

బాబాయి కూడా చూశాడు. చెమటకి చొక్కా వీపుకి అంటుకుపోయింది. పిన్ని నా చెయ్యి పట్టుకుని గొణిగింది. "ఆయనకి వచ్చిన పనులు వంద. రాదు అని చెప్పడం ఒక్కటే రాదే." అప్పుడు వెలిగింది నాకు. గాలి బాగాలేదు, గోడకి బీట, అన్నీ అందుకేనన్నమాట. ఆయనకి కొంగలంటే కోపం కాదు, భయం.

"సారూ, పెన్ను ఆపండి."

సర్వే సారు తలెత్తాడు.

"పడవ మంచిదే. పెట్టినవాడికే రాదు" అన్నాడు బాబాయి. "పీటకి పెట్టినట్టు గొలుసు ముక్కు మీద పెట్టాను. కొంగకి పెట్టకూడదు. మా అమ్మాయి చెప్పబోయింది, నేనే విన్లేదు."

"మీరు ఈ గోడ మీద నలభై ఏళ్ళుగా ఉన్నారని చెప్పిందే మీ అమ్మాయి దారిలో?"

"నలభై ఏళ్ళూ పీటలే సారూ. కొంగ ఇదే మొదటిది."

సర్వే సారు పెన్ను జేబులో పెట్టి, "సరే. గొలుసు తీసి చూపించండి" అన్నాడు.

బాబాయి కూతురివైపు తిరిగాడు. "తియ్యడం తెలీట్లేదే అమ్మలూ. మనిషి వెళ్తే దిగుతోంది."

"మనిషి వెళ్ళక్కర్లేదు నాన్నా. పైనుంచి లాగుదాం."

ఒక తాడుకి ఇనప కొక్కెం కట్టి గోడ మీదనుంచి ముక్కు మీదకి వదిలారు. మొదటిసారి తప్పింది. రెండోసారి టైరుకి తగిలింది. మూడోసారి గొలుసులో పడింది. తండ్రీకూతుళ్ళిద్దరూ బావిలోంచి చేద తోడినట్టు మూరమూరగా గొలుసు పైకి లాగారు. ముక్కు లేవడం మొదలుపెట్టింది. అమ్మయ్య అనుకునేలోపల బాబాయి మళ్ళీ కేక.

"తోకవాళ్ళు దిగండి! ముక్కు బరువు పోతే తోక కూలుతుంది! ఒక్కొక్కరే! ముందు మేస్త్రి!"

నేను కాలు కదిపాను.

"నువ్వు కాదు అమ్మాయ్! నువ్వు కదిలావంటే అందరం పోతాం!"

రెండు మూరల గొలుసు వస్తే మేస్త్రి దిగాడు. ఇంకో రెండు వస్తే ఒక వదిన, ఇంకో రెండుకి ఇంకో వదిన. తర్వాత రంగులాయన, తర్వాత పిన్ని. చివరికి గొలుసంతా గోడ మీదకి చేరింది, తోక మీద నేనొక్కదాన్నే మిగిలాను, పడవ, మీద గ్లాసు నిండా టీ పెట్టినా తొణకనంత సమంగా నిలబడింది.

కింద నీళ్ళు మోకాలి లోతుకి వచ్చాయి. బాబాయి చెక్క దిమ్మలూ చీలలూ తీసుకుని దిగాడు. ముక్కు కిందొకటి, తోక కిందొకటి పెడితే ఇక నన్ను దించొచ్చు. అయితే ఎక్కడపడితే అక్కడ పెడితే దిమ్మ పొట్టలోకి పొడుచుకుపోతుంది. లోపల అడ్డగోడ ఎక్కడుందో సరిగ్గా దానికిందే పెట్టాలి. కొంగమ్మ పైనుంచి చెప్పబోయింది, ఈసారి ఆగి చూసింది. బాబాయి పడవ పొట్టకి చెవి ఆనించి, వేలి కణుపులతో తట్టుకుంటూ వెళ్ళాడు. టక్, టక్, టక్, టుక్. అక్కడ సుద్దముక్కతో గీత పెట్టాడు.

"సరిగ్గా అక్కడే నాన్నా!"

"నాకు తెలుసు" అన్నాడు. మళ్ళీ, "ఇది తెలుసు" అని దిద్దుకున్నాడు.

సర్వే సారు కూడా దిగి పక్కన నిలబడ్డాడు. "ఎలా కనిపెట్టారు?"

"గట్టిగా ఉన్నచోట తక్కువ మాట్లాడుతుంది సారూ. గుల్లగా ఉన్నచోట వాగుతూనే ఉంటుంది. మనుషుల్లాగే." ఇది చెప్తూ పైకి ఎందుకు చూశాడో ఆయనకే తెలియాలి. పైన ఉన్నది నేనొక్కదాన్నే.

నన్ను దించాక సర్వే మొదలైంది. సారు సుత్తితో కొట్టుకుంటూ, కాగితంలో టిక్కులు పెట్టుకుంటూ ముక్కునుంచి తోకదాకా వచ్చాడు. రెక్క అతుకు చూశాడు, బోల్టులు చూశాడు, బాగుందన్నాడు. చుక్కాని చూశాడు, అదీ బాగుందన్నాడు. కొంగమ్మ మొహం పున్నమి చంద్రుడిలా వెలిగిపోతోంది. సంతకానికి సారు పెన్ను తీశాడు కూడా. అప్పటిదాకా వెనకాల నిలబడ్డ బాబాయి, చెయ్యి ఊరుకోక, చుక్కానిని తట్టాడు. ఆగాడు. ఇంకోసారి, మెల్లిగా తట్టాడు. ఆయన మొహంలో రంగు మారింది.

మాకెవరికీ ఏమీ వినపడలేదు. నోరు మూసుకుంటే అయిపోయేది. నేను కళ్ళతో సైగ కూడా చేశాను, ఊరుకో బాబాయ్ అని. దేవుడి ముందు అబద్ధం చెప్పను, చేశాను.

"అమ్మలూ" అన్నాడు. "ఇక్కడ లోపల తడి పట్టింది."

కొంగమ్మ చంద్రుడికి గ్రహణం పట్టింది. సారు సుత్తితో ఆ చోట రెండుసార్లు కొట్టి, చెవి ఆనించి, మళ్ళీ కొట్టాడు. అరచేతంత మేర. "నిజమే. నాకు తప్పిపోయింది" అన్నాడు. ఆ రోజు తప్పు ఒప్పుకున్న రెండో మనిషి ఆయన.

"చూశావా, వెనకాల వేలాడే చుక్కానికి ఎప్పుడూ ఇదే—" అని బాబాయి మొదలుపెట్టి, కూతురి కళ్ళు చూసి మింగేశాడు. "చిన్నదేలే. నేను కోసి ఆరబెడతాను. నువ్వు పైన కొత్త పొర వేసుకో. వారంలో అయిపోతుంది."

సర్వే సారు ఫైలు మోకాలి మీద పెట్టుకుని చాలాసేపు రాశాడు. రాసి కొంగమ్మ చేతికిచ్చాడు. చుక్కాని బాగుచేసి ఫోటో పంపాలి, అప్పటిదాకా ఎవరినీ ఎక్కించకూడదు, ఆ తర్వాత అనుమతి ఇవ్వబడినది. కింద సంతకం.

"తప్పు ఉందని చెప్పారు కదా సార్, అయినా ఇచ్చారా?" అంది కొంగమ్మ, కాగితాన్ని రెండుచేతులా పట్టుకుని.

"తప్పు లేని పడవ నేనింతవరకూ చూళ్ళేదమ్మా. కన్నతండ్రే తప్పు పట్టే పడవ ఇదే చూడ్డం. అందులో పిల్లల్ని ఎక్కించొచ్చు." అని, నావైపు తిరిగి, "ఇక్కడ టీ దొరుకుతుందా?" అన్నాడు. తోక మీద అంతసేపు నిలబడ్డదాన్ని, నాకెవరైనా ఇస్తే బాగుండుననిపించింది. అయినా ఇచ్చాను, అల్లం దంచి మరీ.

ఆ వారమంతా తండ్రీకూతుళ్ళు చుక్కాని చుట్టూ తిరిగారు. వాదనలు ఆగాయనుకునేరు, ఇంకా పెరిగాయి. కానీ ఇప్పుడు బాబాయి మధ్యమధ్యలో "అదెలా?" అని అడుగుతున్నాడు. ఆ మాట ఆయన నోట వినడానికి పిన్ని పనులు మానుకుని వచ్చి కూర్చునేది. గోడ మీద సుద్దతో కొంగ పొట్ట బొమ్మ గీయించుకున్నాడు, దిమ్మ ఎక్కడ, బరువు ఎక్కడ అని. కింద తనే రాశాడు: "కొంగ ముక్కు మీద ఏమీ పెట్టరాదు." దానికింద ఎవరో, ఎవరో ఏమిటి రంగులాయనే, "క్యాంటీనావిణ్ణి తోక మీద పెట్టవలెను" అని చేర్చాడు. నేను రోజూ చెరుపుతున్నాను, వాడు రోజూ రాస్తున్నాడు. ఈమధ్యే ఇంకో రెండు కొంగలు మా గోడకి వచ్చాయి. ఎవరినీ ఇంకో రేవు చూసుకోమనలేదు.

క్లాసులు వారం ఆలస్యంగా మొదలయ్యాయి. పదకొండు మందిలో ఒక్కరు కూడా తగ్గలేదు, లెక్కల టీచరు వేలు మడిచి మరీ లెక్కపెట్టాడు. మొదటిరోజు మొదటి జట్టుని ఎక్కించుకుని బయల్దేరబోతూ కొంగమ్మ గోడవైపు చూసింది.

"ఒక చోటు ఖాళీ ఉంది నాన్నా."

"నాకు పనుంది."

"ఏం పని?"

బాబాయి చుట్టూ చూశాడు. గోడ ఖాళీగా ఉంది. గాలి బాగానే ఉంది. బీట కూడా లేదు. జేబులో నిమ్మకాయ ఉందో లేదో తడిమి చూసుకుని, నిచ్చెన దిగాడు.

"తోక మీదే కూర్చుంటాను. ముక్కు వైపు మాత్రం రాను" అని గట్టిగా అందరికీ వినపడేలా చెప్పి కూర్చున్నాడు.

తెరచాప నిండింది. పడవ రేవు మొగ దాకా వెళ్ళి, అక్కడ పళ్ళెంలో పెట్టి తిప్పినట్టు ఉన్నచోటే తిరిగింది. బాబాయి రెండుచేతులా అంచు పట్టుకున్నాడు. ఒడ్డున మేమందరం ఇప్పుడు కక్కుతాడు, అప్పుడు కక్కుతాడు అని పందెం కాసుకున్నాం. కక్కలేదు. మొహం మాత్రం పచ్చి అరటికాయలా ఉంది. కాసేపటికి ఒక చెయ్యి వదిలి, వంగి, పడవ చెక్కని వేలి కణుపులతో రెండుసార్లు తట్టాడు.

పిన్ని గోడ చివరిదాకా పరిగెత్తి, రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుని అరిచింది. "ఏం చెప్పిందండీ?"

గాలికి ఆయన మాట ముక్కలుముక్కలుగా వచ్చింది. కానీ వచ్చింది.

"రేపు నువ్వే వచ్చి విను!"